బామ్మర్ది చేతిలో తాడు, మొలలో నేను

నేను ఒక మడతచాకుని. చాకు అనగానే ఎవడి పొట్టలోనో దిగే ఉంటుందిలే అనుకుంటారు మీరు. మీ మనుషుల బుద్ధే అంత. నిజానికి నేను కోసినవన్నీ కర్రలూ కాయలూ గడ్డలే. కానీ ఒక నారతాడు మీద నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంగతే చెబుతాను, వినండి.

మార్కాపురం పక్కన మోక్షాచారి అనే కమ్మరి, విరిగిన రంపం ముక్కని కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి నన్ను చేశాడు. పిడి గేదెకొమ్ముది. మడిస్తే పిడిలో దాక్కుంటాను, తెరిస్తే టక్కున నిలబడతాను. ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గొరిగి చూసుకుని, "పర్లేదే!" అన్నాడు మోక్షాచారి. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ వినలేదట.

నన్ను కొన్నవాడు సుధాంశు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి. అడవిలో ఒంటరిగా బతకడం ఎలాగో ఫోనులో వీడియోలు చూసి చూసి పిచ్చెక్కినవాడు. ఇల్లు దాటితే పర్సు, తాళాలు, నేను జేబులో ఉండాల్సిందే. అంతా చేసి నాతో చేయించిందేమిటయ్యా అంటే, పార్సిళ్ల టేపు కోయడం, ఆఫీసులో యాపిల్ ముక్కలు తరగడం. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

చివరికి ఒక వానాకాలం స్నేహితులతో నల్లమలకి బయల్దేరాడు. దారి చూపడానికి గూడెం నుంచి గురవయ్య వచ్చాడు. పాతికేళ్లవాడు, మాట తక్కువ. సాయంత్రం మంట వేద్దామంటే కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. సుధాంశు నన్నొక లావుపాటి దుంగ మీద పెట్టి రాయితో బాదడం మొదలుపెట్టాడు. నా కీలు కదిలిపోయింది. ఓరి నాయనోయ్, ఇవాళ్టితో నా పని అయిపోయింది అనుకున్నాను. ఆ ఊపులో వాడి బొటనవేలూ తెగింది. నెత్తురు చూసి కూలబడ్డాడు మహానుభావుడు.

"అట్ట కాదు సారూ," అన్నాడు గురవయ్య. "చాకుని కొట్టగూడదు, అడగాల."

నిలువునా ఎండిన సన్న కొమ్మ ఒకటి తెచ్చి, తడి బెరడు ఒలిచేశాడు. లోపలి పొడి చేవని నాతో పలచగా చెక్కాడు, చెక్కిన పొర ఊడిపోకుండా కొమ్మకే ఉంగరాలుగా వేలాడేలా. ఒక్క అగ్గిపుల్లకి భగ్గున అంటుకుంది. వెళ్లేరోజు సుధాంశు నన్ను గురవయ్య చేతిలో పెట్టి, "నాకంటే నీ దగ్గరే దీనికి మర్యాద," అన్నాడు. వాడు జీవితంలో అన్న తెలివైన మాట అదొక్కటే.

అప్పటినుంచీ గురవయ్య మొలతాడే నా ఇల్లు. వదులైన కీలుని ఆ వారంలోనే రాతి మీద పెట్టి బిగించాడు. గడ్డల తోలు తీయడం, అడ్డాకులు కోయడం, అరికాలి ముల్లు పెకలించడం, గుణపపు కర్రకి మొన చెక్కడం, రోజంతా పనే. ప్రతి రాత్రీ తుడిచి, ఇంత నూనె రాసేవాడు. అంతకంటే ఏం కావాలి చెప్పండి?

గురవయ్యకి అక్క ఒకతి, ఈదమ్మ. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. ఆమె మొగుడు బయ్యన్న, తేనె దింపడంలో చుట్టుపక్కల గూడేల్లో వాడిని మించినవాడు లేడు. కొండచరియ అంచున చెట్టుకి అడ్డతీగ నారతాడు కట్టి, దాని మీద కిందికి జారి, గాల్లో వేలాడుతూ తేనెపట్లు కోస్తాడు. పైన తాడు దగ్గర కాపలా ఎవరో తెలుసా? పెళ్లాం తోడబుట్టినవాడు. అన్నదమ్ముల్ని కూడా నమ్మరు అక్కడ. అన్నకి తమ్ముడి వాటా మీద కన్నుండొచ్చు గానీ, అక్క తాళి తెగాలని ఏ బామ్మర్ది కోరుకుంటాడు? తాతల నాటి లెక్క అది. మూడేళ్లుగా గురవయ్యే ఆ తాడు కాస్తున్నాడు.

ఆ లెక్కలో ఒకటి మర్చిపోయారు, ఆ అక్కని మొగుడు ఎలా చూసుకుంటున్నాడన్నది.

మొదటిసారి ఈదమ్మ వాచిన కన్నుతో వచ్చింది. "పడ్డాలేరా," అంది. గురవయ్య గడ్డ తోలు తీస్తున్నవాడల్లా ఆగి, మళ్లీ తీశాడు. రెండోసారి పెదవి చిట్లి వచ్చింది. మూడోసారి ఎడమచెయ్యి విరిగి, వెదురు బద్దల కట్టుతో వచ్చింది.

"ఇదీ పడ్డదేనా అక్కా?"

ఈదమ్మ కట్టు మీదికి కొంగు లాక్కుంది. ఆ రోజు గురవయ్య నన్ను సానరాయి మీద పెట్టి పొద్దుగూకేదాకా నూరుతూనే ఉన్నాడు. పదును పెడుతుంటే నాకు పండగే. ఆ రోజు మాత్రం భయమేసింది. గడ్డలకి అంత పదును అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే బయ్యన్న నవ్వుకుంటూ వచ్చాడు. "రారా గురవయ్యా, పెద్దచరియ కాడికి పోదాం. పట్లు చేటలంతేసి ఉండాయి." చెయ్యి విరిగిన పెళ్లాన్నీ వెంటబెట్టుకొచ్చాడు, ఈగల్ని తోలే ఆకుపొగ వేయడానికి. నిన్న చెయ్యి విరగ్గొట్టి, ఇవాళ ఆమె తమ్ముడి చేతికి తన ప్రాణం అప్పజెబుతున్నాడు! దీన్ని నమ్మకమంటారో పొగరంటారో మీరే చెప్పండి.

బయ్యన్న దిగాడు. కింద నూరు నిలువుల లోయ. తేనెటీగలు రొద పెడుతున్నాయి. ఈదమ్మ అవతల మంట దగ్గర పచ్చాకులు వేస్తోంది. గురవయ్య చెయ్యి మొలలోకి వచ్చింది. వద్దురా, వద్దురా అని మొత్తుకున్నాను. నా మొత్తుకోళ్లు ఎవడికి వినబడతాయి? తెరిచాడు. తాడు మీద పెట్టాడు.

మూడు పేటల తాడు అది. మొదటి పేట నా కింద పుట్టుక్కున తెగిపోయింది. అంత తేలిగ్గా తెగినందుకు నా పదునుని నేనే తిట్టుకున్నాను.

"ఆపరా!"

ఈదమ్మ పరిగెత్తుకొచ్చి, మంచి చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది.

"వదులక్కా. ఇయ్యాల్టితో నీ పీడ పోతది."

"నా పీడ పోతది, నువ్వు జైలుకి పోతావు. నాకింకెవరున్నార్రా?" అంటూ భోరుమంది. కళ్లు తుడుచుకుని అంచుదాకా వెళ్లి కిందికి వంగింది. "ఓయ్, ఇనబడతాందా? నీ తాడు ఒక పేట తెగింది. ఇంక నీ ఇంటికి నేను రాను. నా జోలికీ, నా తమ్ముడి జోలికీ నువ్వు రాకూడదు. సరే అంటే లాగుతాం."

తాడు గిరగిరా ఊగింది, కిందినుంచి బయ్యన్న కేక వినబడింది.

"సరే... సరేనే... లాగండే!"

లాగారు. బయ్యన్న పైకొచ్చి, తెగిన పేట చూసి, అక్కడే కూర్చుండిపోయాడు. అక్కాతమ్ముళ్లు వెనక్కి చూడకుండా ఇంటికి నడిచారు.

కథ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఏడాది తిరిగేసరికి బయ్యన్న అవతలి గూడెం పిల్లని చేసుకున్నాడు. వాడికి అర్థమైందల్లా ఏమిటంటే, పాత బామ్మర్ది చెడ్డవాడని. కొత్తవాడు బంగారమని, కళ్లు మూసుకుని తాడు ఇవ్వొచ్చని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ బంగారం నిన్న సాయంత్రం మా గుడిసె ముందు నిలబడ్డాడు. పేరు అర్తన్న. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ చాకు ఒకపాలి ఇస్తావా?" అని గురవయ్యని అడిగాడు.

గురవయ్య అక్క వైపు చూశాడు. ఈదమ్మ రుబ్బుతున్న చెయ్యి ఆపింది.

"ఆ పిల్లకి కన్ను వాచిందా, చెయ్యి ఇరిగిందా?" అంది.

"నడుమక్కా. లేవలేకపోతాంది."

ఈదమ్మ తలొంచుకుని మళ్లీ రుబ్బడం మొదలుపెట్టింది. గురవయ్య మొలతాడు విప్పి నన్నిచ్చాడు.

పొద్దున్నే బయల్దేరాం. ముందు బయ్యన్న ఈలేసుకుంటూ నడుస్తున్నాడు, భుజాన కొత్త తాడు. వెనక అర్తన్న, అతని మొలలో నేను. ఆకుపొగ వేయడానికి ఈసారి వెంట ఎవరూ రాలేదు.