రూపాయిలో ఆరు పైసలు

ప్రభుదాసు మూడు నెలలకోసారి వడ్డీ పట్టుకుని బాపట్ల వచ్చేవాడు. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో ఆఖరి శనివారం. దేవకుమారి టీచరుకు వాడు మేనల్లుడు. తల్లి పోయిన పిల్లాడని తన దగ్గరే ఉంచుకుని డిగ్రీ దాకా చదివించింది. ఎనభై ఆరులో రిటైరైనప్పుడు చేతికొచ్చిన అరవై వేలూ, రేపల్లెలో వాడు పెట్టిన ఐసు ఫ్యాక్టరీకి అప్పుగా ఇచ్చింది. వాడు పద్దెనిమిది వందల వడ్డీ కవరు బల్ల మీద పెట్టి, గారెలూ కోడికూరా తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఆ కవరు ఆవిడ ఏనాడూ అక్కడ విప్పి లెక్కపెట్టలేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషికి పెన్షను చాలదా? ఆవిడ లెక్కపెట్టుకునేది శనివారాలనే.

తొంభై ఒకటి మార్చి ఆఖరి శనివారం వాడు రాలేదు. వాడి బదులు సుందరరామయ్య అనే ఆయన వచ్చాడు. తెనాలిలో ఆ కంపెనీ లెక్కలు చూసే ఆడిటరు దగ్గర గుమాస్తా. పాసింజరు దిగి, ఎండలో నడిచొచ్చి, సంచీలోంచి స్టాంపు కాగితం తీశాడు. పొద్దున్నే లేచి పిండి రుబ్బుకుని కూర్చున్న ఆవిడ మొహం ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

“ఆయనకి గుంటూరులో బ్యాంకు పనుందండి. దీనిమీద మీ సంతకం కావాలండి.”

“ఏంటిది?”

“నిజాంపట్నం చేపల పడవలకి ఐసు చాలట్లేదండి. రెండో మిషను కోసం బ్యాంకుని అప్పడిగాం. అది కూడా వస్తే కంపెనీ ఆస్తంతా కలిపి పది లక్షలండి. అందులో ఏళ్ళ తరబడి తీర్చుకునే అప్పు ఎంతుందో బ్యాంకు వాళ్ళు చూస్తారండి. రూపాయి ఆస్తికి యాభై పైసలు దాటితే ఇవ్వరండి.”

“అప్పు ఎంతవుద్ది?”

“బ్యాంకుది పాతదీ కొత్తదీ కలిపి నాలుగు లక్షల ఎనభై వేలండి. మీది అరవై.”

ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకి భాగహారాలు నేర్పిన మనిషికి కాగితం, పెన్సిలూ ఎందుకు?

“యాభై నాలుగు పైసలు. నన్ను తీసేస్తే నలభై ఎనిమిది. అడ్డమొచ్చిన ఆ ఆరు పైసలూ నేనే కదండీ” అంది.

సుందరరామయ్య తల దించుకుని “అవునండి” అన్నాడు.

కాగితంలో ఉన్నది ఇంతే. బ్యాంకు అప్పు తీరేదాకా, అంటే ఏడేళ్ళు, ఆవిడ అసలు అడగదు, వడ్డీ తీసుకోదు. అలా రాసిస్తే బ్యాంకు ఆ అరవై వేలను అప్పుల్లోంచి తీసేసి యజమానుల పెట్టుబడితో కలిపి చూస్తుంది.

“అయితే మూడు నెలలకోసారి వాడు ఇక్కడికి రావాల్సిన పనుండదన్నమాట.”

“వడ్డీ కోసమైతే అక్కర్లేదండి.” ఆవిడ మొహం చూసి, “ఆయన వస్తూనే ఉంటారు లెండి. మేనత్తని చూడకుండా ఉంటారా” అన్నాడు.

అదే చూద్దామనిపించింది ఆవిడకు. ఇన్నాళ్ళూ వాడు వచ్చింది వడ్డీ ఇవ్వడానికా, తన కోసమా? సంతకం పెట్టకపోతే వాడి మిషను ఆగిపోతుంది, వాడు మాత్రం తప్పకుండా వస్తాడు. అలా రప్పించుకోవడం ఆవిడకు చేతకాలేదు. సంతకం పెట్టేసి, గారెలు వేసి సుందరరామయ్యకే పెట్టింది. ఆయన బ్రాహ్మడు, కోడికూర జోలికి పోకుండా పెరుగుతో తిన్నాడు.

జూన్ ఆఖరి శనివారం మళ్ళీ పిండి రుబ్బింది. వాడు రాలేదు. కొత్త మిషను బిగిస్తున్నారు, తీరికుండదు అనుకుంది. సెప్టెంబరులోనూ రాలేదు. క్రిస్మస్‌కి కొత్త జీపులో వచ్చి, ఇంజను ఆపకుండానే కేకు చేతికిచ్చి “మళ్ళీ వస్తానత్తా” అన్నాడు. ఆ మరుసటేడు జీపు డ్రైవరు ఒక్కడే కేకు తెచ్చాడు. ఆ పై ఏడు అదీ లేదు. క్రిస్మస్ ప్రార్థనకి గుడికెళ్ళొచ్చి, వాకిలి తలుపు తీసిపెట్టుకుని కూర్చుని, ఆవిడ చాలాసేపు ఏడ్చింది.

ఏటా ఏప్రిల్లో తెనాలికి ఒక కార్డు రాసేది, ఈ ఏడు రూపాయికి ఎన్ని పైసలని. సుందరరామయ్య ఓపిగ్గా జవాబిచ్చేవాడు. నలభై ఒకటండి. ముప్ఫై నాలుగండి. ఇరవై ఆరండి. కంపెనీ కుదుటపడుతున్న కొద్దీ బాపట్లలో ఇల్లు బోసిపోయింది. తొంభై ఎనిమిది ఏప్రిల్లో వచ్చిన కార్డులో సున్నా అని ఉంది. కింద, “బ్యాంకు అప్పు మొత్తం తీరింది. ఇక మీ డబ్బు మీరు అడగవచ్చును” అని రాశాడు.

డెబ్భయ్యేళ్ళ మనిషి ఆ కార్డు పట్టుకుని రెండు రోజులు ఆలోచించింది. అరవై వేలూ అడిగితే వాడు తెచ్చి ఇచ్చేస్తాడు. అంటే ఒక్కసారి వస్తాడు, ఆ తర్వాత ఇక బాకీ లేదు, రాకా లేదు. వడ్డీ మాత్రమే అడిగితే? ఏడాదికి నాలుగు శనివారాలు. సిగ్గు చంపుకుని ఉత్తరం రాసింది. “అసలు నీ దగ్గరే ఉండనీ నాన్నా. వడ్డీ ఇదివరకటిలాగే మూడు నెలలకోసారి ఇస్తే చాలు.” ‘ఇదివరకటిలాగే’ కింద గీత గీసింది.

జూన్ ఆఖరి శనివారం పొద్దున్నే పిండి రుబ్బి, కోడిని తెప్పించింది. పదకొండు గంటలకు గేటు చప్పుడైంది. పోస్ట్‌మాన్ ఎజ్రా.

“మనియార్డరండి టీచరుగారూ, రేపల్లె నుంచి. పద్దెనిమిది వందలు.”

ఫారం కింద నాలుగు ముక్కలు రాయడానికి జాగా ఉంటుంది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో ఏమీ రాసి లేదు.

“చుట్టాలొస్తున్నారాండీ? గారెల వాసనొస్తంది.”

“లేదు ఎజ్రా. కూర్చో, తిని వెళుదువుగాని.”

ఎజ్రా నోట్లు లెక్కపెడుతుండగా ఆవిడ ఎప్పటి అలవాటు చొప్పున మనసులో లెక్క వేసుకుంది. ఇరవై రూపాయలకి రూపాయి చొప్పున మనియార్డరు కమీషను తొంభై. రేపల్లె నుంచి బస్సు పద్నాలుగు, రానూ పోనూ ఇరవై ఎనిమిది. ఇక్కడికి రాకుండా ఉండటానికి వాడు అరవై రెండు రూపాయలు ఎక్కువ పెట్టాడు.