వీపు ఆనిస్తే జరిగే గోడ

ఆసుపత్రి లాండ్రీలో ఆమె డ్యూటీ మధ్యాహ్నం మూడింటికి అయిపోతుంది. పొద్దుటినుంచి తడి దుప్పట్లు ఎత్తీ దించీ నడుం పట్టేసి ఉంటుంది. ఇంటికి రాగానే చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని కూర్చునేది. ఆమె అలా ఆనుకుంటే గోడ కాస్త వెనక్కి జరిగేది. బెత్తెడో, జానెడో. పెళ్లయిన కొత్తలోనే భర్త అది చూశాడు. ఇళ్లకి రంగులు వేసే మనిషి. "ఇంకో డబ్బా రంగు ఖర్చు పెంచావు" అని మాత్రం అన్నాడు.

వినేవాళ్లు అదృష్టమనుకుంటారు గానీ, ఆ గోడల వల్లే వాళ్లు ఏ ఇంట్లోనూ ఏడాది నిలవలేదు. చవకలో దొరికేది ఒక్క గదే. నాలుగు నెలల్లో అది గదిన్నర అయ్యేది. ఇంటివాళ్లు వచ్చి అటూ ఇటూ చూసి, "ఇంత పెద్ద పోర్షన్ ఈ అద్దెకి ఎక్కడుందమ్మా? పెంచి ఇస్తే ఉండండి, లేదా ఖాళీ చెయ్యండి" అనేవారు. మళ్లీ మూటలు కట్టడం, ఇంకాస్త ఊరు చివరికి జరగడం. ఆరిళ్లు మారేసరికి ఊరికి ఇంక చివరంటూ మిగల్లేదు.

ఏడో గదిలో ఆమె గోడకి ఆనుకోవడం మానేసింది. గది నడుమ పీట వేసుకుని నిటారుగా కూర్చునేది. తిన్నా అక్కడే, కునుకు తీసినా అక్కడే.

"కాసేపు వాలవే, నడుం విరిగిపోతుంది" అనేవాడు భర్త.

"వాలితే ఇల్లు పోతుంది."

రెండేళ్లు అలాగే గడిపింది. కూతురు బడి మారకుండా రెండు తరగతులు దాటింది.

ఒక ఆదివారం రేకు పెట్టెతో ఆడపడుచు వచ్చింది. భర్తకి అక్క, హాస్టల్లో వంటమనిషి. ఆవిడ ఉంటున్న పాత మేడ కూలగొట్టేశారు. మూడు వారాలుగా హాస్టల్ వంటింట్లో బస్తాల మధ్య పడుకుంటోంది. గుమ్మంలోనే నిలబడి, "ఊరికే చూసిపోదామని వచ్చా" అంది.

భర్త నేలకేసి చూశాడు. ముగ్గురు పడుకుంటే తలుపు తెరుచుకోని గది అది.

ఆమె పీట మీంచి లేచింది. "పెట్టె లోపల పెట్టండి వదినా" అని, వెళ్లి వెనక గోడకి వీపు ఆనించి కూర్చుంది. రెండేళ్ల అలసట ఆ వీపులో ఉంది. గోడ జానెడుతో ఆగలేదు. సాయంత్రానికి ఇంకో మంచం, ఇంకో పొయ్యి పట్టేంత చోటొచ్చింది. ఆడపడుచు చాప పరుచుకుని కాళ్లు పూర్తిగా చాపింది.

వారం తిరక్కుండానే ఇంటాయన టేపు పట్టుకుని వచ్చాడు. భర్త అప్పటికే సామాను కట్టే తాళ్లు బయటికి తీశాడు. ఇంటాయన కొలిచి, మళ్లీ కొలిచాడు.

"ఇది రెండు గదుల పెట్టు. రెండింటి అద్దె మీరేం ఇస్తార్లే. మధ్యలో గోడ కట్టించేస్తా. మీ గది మీకే, పాత అద్దెకే. అవతలిది ఇంకొకళ్లకిస్తా."

"ఎవరికండీ?" అంది ఆమె.

"ముందెవరొస్తే వాళ్లకి. చిన్న గదులకి జనం కొట్టుకు చస్తున్నారు."

చాప మీద ఆడపడుచు లేచి కూర్చుని జుట్టు సర్దుకుంది. "నేను ముందే వచ్చాను బాబూ" అంది.

గోడ లేచింది, అవతలి గదికి తలుపొచ్చింది. అత్తారింట్లో వంటింటి మూలా, కట్టుకున్నాయన పోయాక ఎవరెవరితోనో పంచుకున్న గదులూ తప్ప, తనకంటూ ఒక తలుపుండటం ఆవిడకి అదే మొదలు. లోపలికి వెళ్లి దగ్గరికేసుకుంది.

ఇవతల, పీట మీద నిటారుగా కూర్చుని ఆమె వింటూ ఉంది. గడియ పడింది. కాసేపాగి తీసిన చప్పుడు. మళ్లీ వేసుకున్న చప్పుడు.