గీ దోశల నెయ్యి లేదు

వీడియో పేరు ‘ఎల్బీనగర్‌లో పట్టపగలు మోసం’.

ఆదివారం పొద్దున్నే శేఖర్ ఆ వీడియో తెచ్చి పూలమ్మ ముఖానికి అడ్డం పెట్టాడు. అతని మొబైల్ దుకాణం మెట్ల ముందే ఆమె దోశల బండి ఉంటుంది. జాగా అతనిది.

ఫోన్‌లో నిన్నటి మనిషి కనిపించాడు. ఎర్ర టోపీ, కర్రకు తగిలించిన కెమెరా. పేరు జోగారావు, ఊరు కాకినాడ. శని, ఆదివారాలు ఏదో ఒక ఊరెళ్లడం, పెద్ద హోటళ్ల జోలికి పోకుండా బండ్ల దగ్గర తిని చూపించడం అతని పని. దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్చి బజ్జీకి చేతులెత్తి దండం పెట్టాడు. తర్వాత పూలమ్మ బండి దగ్గరికి వచ్చాడు.

“ఏమిస్తారమ్మా?” వీడియోలో అతని గొంతు.

“గీ దోశ తిను సారూ. గిప్పుడే దించిన.”

దోశ విరిచి కెమెరాకు దగ్గరగా పెట్టాడు. “విన్నారు కదండీ? గీ దోశ అని ఆవిడే అన్నారు. ఒక్క చుక్క నెయ్యి ఉంటే ఒట్టు! అంతా నూనేనండీ బాబూ. మోసం!”

పూలమ్మకు అర్థం కాలేదు. “నెయ్యి అని నేనెప్పుడన్న సేటూ?”

“గీ అంటే ఇంగ్లీషుల నెయ్యి.”

“నేనెప్పుడు ఇంగ్లీషుల మాట్లాడిన? గీ దోశ అంటే...” గరిటెతో పెనం మీద కొట్టింది. “గీడున్న దోశ!”

బల్ల మీద కూర్చుని తింటున్న ఈరమ్మకు పొలమారింది. ఎదురుగా ఉన్న బట్టలు కుట్టే దుకాణం ఆమెదే. “ఓ పూలక్కా! ‘ఈ దోశ’ అని నువ్వంటే, ఆయన నెయ్యి దోశ అనుకున్నడే!”

తింటున్నవాళ్లంతా నవ్వారు. శేఖర్ నవ్వలేదు.

“నవ్వుడు గాదు. వీడియోల నా బోర్డు కనబడుతుంది. పొద్దుగాల నుంచి ఫోన్లే. నీ దుకాణంల గూడ నకిలీ సామానేనా అంటుండ్రు. ఇయ్యాల మళ్ల ఒస్తనని ఆయన వీడియోలనే చెప్పిండు. తప్పయింది, ఇగ నుంచి సక్కగ మాట్లాడుత అని కెమెరాకు చెప్పు. లేకుంటే బండికి ఇంకో జాగా చూసుకో.”

నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నాటి నుంచి పూలమ్మకు తెలిసిన జాగా ఇదొక్కటే. మెట్రో దిగినవాళ్లు నేరుగా వచ్చేది ఈ మెట్ల దగ్గరికే. పైగా పొద్దంతా నీడ. ఇది పోతే సగం గిరాకీ పోయినట్టే.

“సేటూ, నువ్వు ఇంట్ల ‘గీ’ అనవా?”

“ఇల్లు వేరే, వ్యాపారం వేరే.”

“నాకు రెండు నోర్లు లేవు.”

అంతలో సందు మలుపులో ఎర్ర టోపీ కనిపించింది. కెమెరా ముందు, మనిషి వెనక.

“నమస్కారమండీ! నిన్న గీ దోశ అని చెప్పి...”

“ఆగు. కెమెరా నడుస్తుందా?”

“నడుస్తోందండీ.”

పూలమ్మ చేతిలో గరిటె పైకెత్తింది. “గీ గరిటె.” పెనాన్ని చూపింది. “గీ పెనం. గీ బండి.” గరిటె మెల్లగా తిరిగి అతని ఛాతీ ముందు ఆగింది. “గీ సారు. ఏం సారూ, నిన్ను పిండితే నెయ్యి కారుతదా?”

బల్ల మీద నవ్వులు పేలాయి. జోగారావు టోపీ తీసి తల గోక్కున్నాడు.

“అయ్య బాబోయ్. గీ అంటే... ‘ఈ’ అనా అండీ?”

“ఆ, గదే,” అంది ఈరమ్మ. “గింత దూరమొచ్చినవ్, జర అడిగితే ఏం పోయేది?”

“మా వైపు ఇలా అనరండీ. సరే, ఇద్దరిదీ పొరపాటే అనుకుందాం. ‘సరిగ్గా చెప్పలేదు, సారీ’ అని మీరొక్క ముక్క అనండి. నేను వీడియో తీసేస్తాను. ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది.”

శేఖర్ ఆత్రంగా ముందుకొచ్చాడు. “అనక్కా. ఒక్క ముక్కనే గద.”

పెనం పొగలు కక్కుతోంది. పూలమ్మ దాని మీద నీళ్లు చల్లింది. చుయ్యిమంది.

“దోశ మాడితే మాఫ్ అడుగుత. చట్నీ ఖరాబైతే అడుగుత. నా మాట నేను మాట్లాడినందుకు అడగ.”

“అయితే రేపటి నుంచి బండి పెట్టకు!” అన్నాడు శేఖర్.

“రేపటిదాంక ఎందుకు?”

పొయ్యి ఆపింది. చక్రాల కింద రాళ్లను కాలితో తన్నేసింది. బండి కదిలింది.

“నా దుకాణం ముంగట పెట్టక్కా!” ఈరమ్మ లేచి ఒక పక్క చెయ్యి వేసింది. “కాకుంటే గాడ ఎండ మస్తు కొడతది.”

“కొట్టనీ.”

తింటున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ప్లేట్లు చేతుల్లో పట్టుకునే బండి వెంట నడిచారు. అడ్డంగా ఆగిపోయిన ఆటో హారన్ కొట్టింది. ఎవరూ తొందరపడలేదు, ఒకాయన నడుస్తూనే చట్నీ నంజుకున్నాడు. సాంబార్ బకెట్ మెట్ల దగ్గరే ఉండిపోతే జోగారావు దాన్ని ఎత్తుకుని పరిగెత్తాడు. కెమెరా చంకలో ఇరుక్కుని ఆకాశాన్ని తీస్తోంది.

“వీడియో తీసేయమంటారా అండీ?” రొప్పుతూ అడిగాడు.

“ఉంచు. అండ్ల నా మాటుంది. నీ మాట సంగతి నువ్వు చూస్కో.”

ఎండలో పొయ్యి మళ్లీ వెలిగింది. అప్పుడే మెట్రో దిగినతను ఒకడు, భుజాన సంచీతో, రోడ్డు దాటి వచ్చాడు.

“ఏముందమ్మా తినడానికి?”

అందరూ నమలడం ఆపారు. ఎదురుగా శేఖర్ ఖాళీ మెట్ల మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. పూలమ్మ పెనం మీద పిండి పోసి గుండ్రంగా తిప్పింది. తల ఎత్తి, రోడ్డు అవతలికి కూడా వినబడేలా అంది.

“గీ దోశ!”