వైరింగు కార్డుకి ఎర్రదారం

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో నేను కీర్తి పక్షం. ఆమె తప్పు చేసిన చోట కూడా కాస్త వెనకేసుకొస్తాను. అందుకని నన్ను పూర్తిగా నమ్మకండి. కీర్తి అయితే ఆ రోజుల్లో ఎవర్నీ నమ్మేది కాదు.

ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో పనుల బోర్డు మీద కార్డులు జరిపీ జరిపీ విసుగెత్తి వచ్చేసిన పిల్ల కీర్తి. దాచేపల్లి దగ్గర ఆమె మేనమామ ధనుంజయరావు మిర్చికి కోల్డ్ స్టోరేజీ కడుతుంటే పనులు చూడటానికి దిగింది. మామయ్య తేల్చి చెప్పాడు.

"మిర్చి టిక్కీ బస్తాలు గేటు దాటేనాటికి చాంబరు చల్లబడిందా, మేనేజరు కుర్చీ నీదేనమ్మాయ్. లేదా, గోపీ కూర్చుంటాడు."

గోపీ అంటే మామయ్య కొడుకు గోపీనాథ్. కీర్తికి బావ. ఆ కుర్చీ మీద అతనికీ కన్నుందని ఆమె అనుమానం.

వచ్చిన వారంలోనే సైటాఫీసు గోడకి థర్మాకోల్ షీటు కొట్టించింది. దాని మీద నాలుగు గళ్లు: చేయాల్సినవి, నడుస్తున్నవి, ఆగినవి, అయినవి. పనికో కార్డు. ఒక పని అయితేగానీ ఇంకోటి మొదలుకాదనుకుంటే ఆ రెండు కార్డులకీ గుండుసూదులు గుచ్చి మధ్యలో ఎర్రదారం. వైరింగు కాకుండా చల్లబరిచే మెషిన్ తిరగదు, కట్టు దారం. ఏ పని ఏ పని మెడకి చుట్టుకుందో చూడగానే తెలిసిపోవాలని ఆమె ఉద్దేశం.

"ఏందే ఇది, పెళ్లి పందిరా?" అన్నాడు గోపీనాథ్.

"నీకర్థం కాదులే బావా."

"ఎందుకు కాదు? జనం పని చేస్తా ఉంటారు, నువ్వు దారాలు కడతా ఉంటావు. జీతం మాత్రం నీకే ఎక్కువ."

ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే 'మెషిన్ రూమ్ వైరింగు' కార్డు 'ఆగినవి' గడిలో ఉంది. దాన్నుంచి 'షెడ్డులో బండలు' కార్డుకి కొత్తగా ఎర్రదారం. మెషిన్ రూమ్ ఈ కొసన, షెడ్డు ఆ కొసన. బండలు పరవకపోతే తీగల్లో కరెంటు పారదా? కీర్తి దారం పీకేసి కార్డుని వెనక్కి జరిపింది. తెల్లారేసరికి కార్డు మళ్లీ అక్కడే. దారం కూడా. ఈసారి ముడి ఇంకా గట్టిగా ఉంది.

గోపీనాథ్ ఎదురుపడి నవ్వాడు. ఎందుకు నవ్వాడు? మర్నాడు నవ్వలేదు. ఎందుకు నవ్వలేదు?

అవతల చేలల్లో కాయ ఎర్రబడుతోంది. ఇక ఊరుకోకూడదనుకుని బండల మేస్త్రీ సాంబశివరావుకీ, ఎలక్ట్రీషియన్ మధుబాబుకీ ఫోన్లు చేసి ఇద్దర్నీ ఒకే రోజు రమ్మంది. రెండు పనులూ ఒకేసారి నడిస్తే ఆ దారం దొంగదని తేలిపోతుంది కదా.

ఇద్దరూ మనుషుల్ని తీసుకుని వచ్చారు. మధ్యాహ్నం దాకా పని బ్రహ్మాండంగా సాగింది. ధనుంజయరావు పని పెడితే కూలికి తోడు మధ్యాహ్నం భోజనం ఆయనదే. మేస్త్రీ, కూలీ, యజమాని అందరూ ఒకే బంతి. ఆయన భార్య కోటమ్మ గోంగూర పప్పు గిన్నెలు దింపించి విస్తళ్లు వేయించింది. కీర్తి చేతులు కడుక్కుని వచ్చేసరికి విస్తళ్లున్నాయి, మనుషుల్లేరు. సాంబశివరావుకి కడుపులో బాగాలేదట. మధుబాబుకి ఇంటి నుంచి ఫోనొచ్చిందట. మర్నాడు ఇద్దరూ ఫోనెత్తలేదు.

"వాళ్లకేం నూరిపోశావు బావా?"

"నేనా? నిన్నంతా సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు లారీల వరసలో ఉన్నానే తల్లీ! నమ్మవా? దుమ్ము చూడు నెత్తి నిండా."

కీర్తి నిజంగానే వంగి దుమ్ము చూసింది.

ఆ సాయంత్రం దారం మళ్లీ పీకేసి, మర్నాడు తెల్లవారకముందే ఆఫీసుకొచ్చి థర్మాకోల్ షీట్ల దొంతర వెనక నక్కింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో వచ్చినాయన లైటు వేసి, దారం కొస నోట్లో తడిపి, తీరిగ్గా ముడి వేయసాగాడు.

"మామయ్యా!"

ధనుంజయరావు ఉలిక్కిపడ్డాడు. "ఓసి నీ... గుండె ఆగేది కదే!"

"కుర్చీ గోపీ బావకి ఇవ్వాలనుంటే మొహం మీద చెప్పొచ్చుగా. దొంగచాటుగా ముళ్లేయడం దేనికి?"

"కుర్చీ గోల కాదే పిచ్చిదానా." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. పంచాయతీ ఎలక్షన్లప్పుడు చెరో పార్టీ అయి తలలు పగలగొట్టుకున్నారు. నేనే పెద్దమనిషిగా కూర్చుని సర్దా. ఒకచోట పని చేస్తారు. ఒకే బంతిలో మాత్రం అన్నం తినరు. వద్దంటే నన్ను అవమానించినట్టు, కూర్చుంటే రాజీ పడినట్టు. అందుకే లేచిపోయారు."

"మరి ఒక్క మాట నాకు చెప్తే?"

"నా నోటితో ఒకణ్ణి ముందు, ఒకణ్ణి వెనక రమ్మంటే, ధనుంజయుడు ఫలానా పార్టీలో కలిశాడంటారు. అదే నీ బోర్డు చెప్పిందనుకో, అదెవరి పార్టీ?"

కీర్తి వేళ్ల మీద రోజులు లెక్కేసింది. కాయ ఎండకముందే రెండు పనులూ అయితీరాలి. ఒకరి తర్వాత ఒకరంటే రోజులు చాలవు.

"అడ్డం పనికి కాదు కదా, భోజనానికే కదా?" అంది చివరికి. "అయితే భోజనం తీసేద్దాం."

"మా నాన్న నాటి నుంచి వస్తన్న బంతే అది! నేనెట్టా తీస్తా?"

"నువ్వు కాదు, నేను తీస్తా. కొత్త రూలు అంటా."

ఆయన అవుననలేదు. కాదనీ అనలేదు. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

కీర్తి ఇద్దరి ఇళ్లకీ వెళ్లి, మధ్యాహ్నం ఎవరి క్యారేజీ వాళ్లే తెచ్చుకోవాలని చెప్పింది. ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు. ఇద్దరూ తెల్లారే పనిలోకి వచ్చారు. బండలూ పడ్డాయి, వైరింగూ అయింది. మొదటి టిక్కీల లారీ గేట్లోకి వచ్చేసరికి చాంబరు తలుపు తీస్తే చలిపొగ మొహానికి కొట్టింది. కుర్చీ కీర్తికే వచ్చింది.

దాంతోపాటు పేరు కూడా వచ్చింది. బెల్లంకొండ దాకా అదే మాటట: "ఆ మేనకోడలు ఉత్త పిసినారిదంట. మహరాజు, చేతికి ఎముక లేని మనిషి, ఆయన నోటికే తాళమేసింది." ఆ మాట సాంబశివరావూ అన్నాడు, మధుబాబూ అన్నాడు. ఆ ఇద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదేనని గోపీనాథ్ మోసుకొచ్చాడు.

ధనుంజయరావు దాన్ని ఎక్కడా ఖండించలేదు. రోజూ సాయంత్రం ఆఫీసుకొచ్చి, మేనకోడలి ఎదురుగా కూర్చుని టీ తాగి, "చానా బాగా నడుపుతున్నావే" అని మెచ్చుకుని వెళ్తున్నాడు. బంతి తీసెయ్యాలని ఆయనకి ముందు నుంచే ఉందా? ఆ మాట అనే నోరు ఇంకోటి దొరికేదాకా ముళ్లేస్తూ కూర్చున్నాడా? టీ గ్లాసు మీంచి ఆయన కళ్లలోకి చూస్తూ కీర్తి ఇప్పటికీ అదే ఆలోచిస్తోంది.

నాకూ తేలలేదు. మీ ఊళ్లోనో, మీ ఆఫీసులోనో ఒక పని ఎందుకాగిందో అందరికీ తెలిసి, ఎవరూ నోరు విప్పని సంగతి ఉండే ఉంటుంది. చివరికి ఆ మాట ఎవరి చేత అనిపించారు? మీ చేతనే అయితే, అది మీకెప్పుడు తెలిసింది? రాయండి, చదవాలని ఉంది.