సుద్దరాళ్ల చేను

పలమనేరు ఏరు పొంగి సంతలో కుమ్మరోళ్ల కుండలన్నీ తేలిపోయిన ఏడు ఇది, కొడుకు మిలిటరీ నుంచి తిరిగొచ్చిందీ ఈ ఏడే, రెండూ ఒక్క కార్తీకంలోనే జరిగాయి, ముందు వాన వచ్చిందా కొడుకొచ్చాడా, కొడుకే ముందు, వాడొచ్చిన ఎనిమిదో రోజుకు గదా వాన పట్టుకుంది, అని వరస సరిచేసుకుంటూ మునిరామయ్య గట్టు దిగి తన చేలో కాలు పెట్టాడు, కాలికి మెత్తగా ఏదీ తగల్లేదు, తోలు ఒలిచిన మేకలాగా ఉంది చేను, పైమన్ను పోయి అడుగునున్న తెల్లటి సుద్ద బయటపడింది, జానెడు ఎదిగిన ఉలవ వేళ్లతో సహా పోయింది, ఎక్కడికి పోయిందో వెతకాల్సిన పని లేదు, వాలుకు కింద చిన్నబ్బ మడి ఉంది, చిన్నబ్బ పొద్దున బావి దగ్గర నలుగురిలో అననే అన్నాడు, నీ మన్నూ నీ ఉలవలూ అన్నీ నా మడికే వచ్చినాయప్పా, చుట్టాలు వచ్చినట్టు వచ్చినాయి, వెళ్లగొట్టమంటావా ఉండమంటావా అని, నలుగురూ నవ్వారు, తనూ నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు, ఈ గుట్టవాలులో మన్ను ఎప్పుడూ లోతు లేదు, తన నాయన కాలంలో మూరెడు ఉండేదట, తన పెండ్లినాటికి జానెడు, మొన్నటిదాకా బెత్తెడు, ఇప్పుడు అక్కడక్కడ వేలెడు, ఎందుకు తగ్గుతూ వస్తోందని ఒక్కనాడూ తనను తాను అడగలేదు, మనిషికి మాదిరే నేలకూ వయసు మీదపడుతుందనుకున్నాడు.

తూర్పున మళ్లీ మబ్బు పట్టింది, ఇయ్యాల కాదు, రేపు కూడా కాకపోవచ్చు, కానీ వస్తుంది, మార్గశిరంలో ఒక వాన పడకుండా పోదు, మిగిలిన వేలెడు మన్ను దాంతో సరి, ఆ తరవాత ఈ రెండెకరాలూ బండ, బండను దున్నేవాడు ఇంకా పుట్టలేదు, అయినా తను చేయాల్సిందేదో చేయకుండా వదిలింది లేదే, రాళ్లు ఏరాడు, ముప్పై ఏడేళ్లు ఏరాడు, కోడిగుడ్డంత, కొబ్బరికాయంత, తెల్లవి, బూడిద రంగువి, ఈ గుట్ట రాయి సున్నపు జాతిది, ఒకసారి ఆనందమ్మ సంగటిలోకి తెచ్చిన చింతపండు పులుసు చట్టి ఒలికి రాయిమీద పడితే బుసబుస పొంగింది, ఆయమ్మ నవ్వి, సూడయ్యా, రాయికి గూడా ఆకలవతా ఉండాది, దీనికీ ఒక ముద్ద పెడదామా అంది, ఆనందమ్మ తన భార్య, పోయి ఆరేళ్లయింది, ఆమె కూర్చుని ఏరేది, గంప నిండగానే తను నెత్తికెత్తుకుని గట్టుకు మోసేవాడు, కుప్ప ఇంటి ఎత్తు లేచింది, పలమనేరు సున్నం కాల్చేవాళ్లు బండ్లు తోలుకొచ్చి ఇస్తావా అని అడిగితే ఇవ్వలేదు, ఎందుకు ఇవ్వలేదో వాళ్లకు చెప్పలేదు, అందులో ఎక్కువ రాళ్లు ఆమె చెయ్యి తగిలినవే, అంతే, ఇంకొకటి కూడా, ఈ చేలోకి ఎవరొచ్చినా ఉత్త చేతులతో తిరిగి పోకూడదు, పోయేటప్పుడు ఒక రాయి తీసి కుప్పలో వేసి పోవాలి, అది తన నాయన పెట్టిన కట్టడి, రాయి గింజను తింటాది, ఎంత తీస్తే అంత పంట, అనేవాడు ఆయన, ఇంట్లో పిల్లను పెండ్లిచూపులకని వచ్చిన వాళ్లచేత కూడా ఆయన వేయించాడు, శిస్తుకు వచ్చిన తలారి వేశాడు, ఊరూరా తిరిగి ప్రార్థన చెప్పే పాదిరయ్య ఒకాయన దారి తప్పి వచ్చి తెల్ల అంగీ పైకి చెక్కుకుని రెండు రాళ్లు మోశాడు, మోసి, మీ దేవుడు బాగా పని చేయిస్తాడయ్యా అన్నాడు, ఊళ్లో తన పేరే రాళ్ల మునిరామయ్య, ఆ పేరు తనకు నచ్చేది, నచ్చేదనే చెప్పాలి.

అలాంటిది ఈ మధ్యాన్నం వెంకటముని, కన్నకొడుకు, సంగటి తింటూ తింటూ చెయ్యి ఆపి, నాయనా, ఆ కుప్ప మళ్లా చేలోకి ఎయ్యాల అన్నాడు, ఏమి అన్నావు అంటే మళ్లీ అదే అన్నాడు, నాలుగేళ్లు ఎక్కడో వాయవ్య సరిహద్దు కొండల్లో, క్వెట్టాలో మిలిటరీ లారీ తోలాడు వాడు, యుద్ధం అయిపోయింది పొమ్మంటే ఒక కంబళీ, ఒక ఇనప పెట్టె తీసుకుని వచ్చాడు, తమ పలమనేటి చలికి ఊరంతా దుప్పట్లు కప్పుకుంటే వీడు చొక్కా లేకుండా తిరుగుతాడు, ఇదొక చలేనా అంటాడు, అక్కడ కుండలో నీళ్లు రాయి మాదిరి బిగుసుకుంటాయట, కుండ పగులుతుందట, వాన ఏడాదికి నాలుగు తడవలట, కొండలన్నీ మన గుట్ట రాయేనట, సున్నపుదే, చెట్టు మొలవదు, గడ్డి మొలవదు, కిందికి దొర్లిన రాళ్లతో నేలంతా గరుసే, అయితే ఆ గరుసులోనే నాయనా, ద్రాక్షతోటలు, బాదం చెట్లు, నేను కండ్లారా చూసినా, ఒకనాడు ఒక ముసలాయన తోటలో లారీకి నీళ్లు అడిగి పట్టుకొని తిరిగి వస్తా, మన అలవాటు గదా, ఒక రాయి తీసి గట్టున ఏసినా, అంతే, ఆ ముసలాయన గడ్డం ఎగరేసుకుంటా వచ్చినాడు, నా చెయ్యి పట్టుకున్నాడు, దొంగను పట్టుకున్నట్టు, ఆ రాయి నాచేత తెప్పించి, యాడ తీసినానో ఆడనే, ఆ గుంటలోనే, పక్క గూడా మారకుండా పెట్టించినాడు, భాష తెలీదు, చేతుల్తో చూపించినాడు, రాయి మన్నుకు దుప్పటంట, ఎండ తగలనీదంట, నీళ్లను ఉరకనీదంట.

దుప్పటి, అని తను అన్నాడు, ఇంకేం అన్నాడు, నాలుగేండ్లు బూట్లేసుకున్నోనికి నేల సంగతి ఏం తెలస్తాది అన్నాడు, వాడు నవ్వుతూనే, బూట్లు విప్పేసినా గదా నాయనా, ఇప్పుడు తెలస్తా ఉండాది, పెద్దవి వాలుకు అడ్డంగా వరసలు పేర్చాల, చిన్నవి మన్నుమీద పరచాల, ఇద్దరం పడితే వానలోపల సగం చేను అవతాది, ఇంకొక్క వాన పడితే నువ్వూ నేనూ కలిసి చేసేదానికి గూడా ఏమీ ఉండదు అన్నాడు, అది నిజమని తనకు తెలుసు, తెలిసే కోపం వచ్చింది, మీ అమ్మ చేతులు చూసినావా నువ్వు, యేళ్లు ఎట్ల వంకర పోయినాయో చూసినావా, ముప్పై ఏండ్లు ఆయమ్మ ఏరిన రాళ్లు, ఒక్కొక్కటీ తప్పని చెప్తా ఉండావు, అని పళ్లెం తోసేసి లేచి వచ్చేశాడు, వాడు వెనక నుంచి అమ్మను నేనేమన్నా నాయనా అన్నాడు, గట్టిగా కూడా అనలేదు, అవును, వాడు అమ్మను ఏమీ అనలేదు, అన్నదంతా తనే.

నడుస్తున్నాడు, కింది కయ్య, చేలో కింది మెట్టు, దాటి నడిమి కయ్యకు ఎక్కాడు, ఇదీ అంతే, సుద్ద, నీళ్లు పారిన గీతలు, వరద దిగిన రోజు నుంచి రోజూ వస్తున్నాడు గానీ ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నాడు, ఎందుకు తిరుగుతున్నాడు, మోకాళ్ల నొప్పి అని తనకు తను చెప్పుకున్నాడు, మోకాళ్లు ఈరోజూ నొస్తున్నాయి, అయినా ఎక్కాడు, ఎగువ వారన, గొడ్లు పోయే దారి పక్కన, నాలుగు బారల పట్టె ఒకటి ఉంది, రాళ్లు ఏరనిది అదొక్కటే, ఆనందమ్మ మణికట్టు విరిగిన ఏడు ఏరాల్సింది, పెద్దరాయి పెళ్లగిస్తుంటే జారి చేతిమీద పడింది, ఆ ఏడు ఆగిపోయింది, మరుసటేడు ఆమె జ్వరంతో పోయింది, ఆ తరవాత అక్కడ ఒక్కడే కూర్చుని ఏరడానికి చేతులు రాక రాళ్లమధ్యనే నాగలి పోనిచ్చి విత్తుతున్నాడు, కొర్రు తగిలి టకటకమంటుంది, ఎద్దులు తిట్టుకుంటాయి, ఆ పట్టెలో ఉలవ ఉంది, ఉంది అంటే ఊరికే ఉండడం కాదు, మోకాలెత్తు నిలబడి తీగ సాగి ఉంది, ఇదే వాన, ఇదే వాలు, పైనుంచి వచ్చిన నీళ్లు ముందు తగిలింది దీనికే, మునిరామయ్య కాసేపు నిలబడి చూశాడు, దొంగపంటను చూసినట్టు చూశాడు, తరవాత కూర్చున్నాడు, ఈ చేలో తను కూర్చోవడం అరుదు, కూర్చునేది ఆమె, ఒక రాయి తీశాడు, కింద నల్లగా తడి, వాన నిలిచి తొమ్మిది రోజులైంది, కింది కయ్యల్లో గోరు దిగడం లేదు, ఇక్కడ వేలు పెడితే రెండో కణుపుదాకా పోయింది, ఉలవ వేరొకటి రాయి అడుగున చుట్టుకుని పడుకుని ఉంది, పక్కన ఎర్ర, మన్ను తినే వానపాము, ఒకటి వెలుతురు తగిలి ముడుచుకుంది, రాయిని మళ్లీ అక్కడే పెట్టాడు, పెట్టాక తెలిసింది తను పక్క కూడా మారకుండా పెట్టాడని, క్వెట్టా ముసలాయన ఎవరో, ఏ ఊరి వాడో, ఏ దేవుణ్ణి మొక్కేవాడో.

తడి చేతిని పంచెకు తుడుచుకున్నాడు, తడి, చెమ్మ, చెమ్మ అనే మాట ఎవరన్నారు, కొడుకు కాదు, వాడు దుప్పటి అన్నాడు, చెమ్మ అన్నది బండిలో, పుత్తూరు నుంచి వస్తున్నప్పుడు, ఆమె చేతికి కట్టు కట్టించుకుని వస్తున్నారు, గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కట్టు కట్టినాయన ఆకు పసరు వాసన బండంతా నిండింది, తను ఎద్దులను అదిలిస్తూ, నీకు చెయ్యి బాగయినాక ఎగువ వారన ఏరితే అయిపాయ, చేనంతా అయినట్టే అన్నాడు, ఆమె కట్టును రెండో చేత్తో సర్దుకుని అంది, ఆ వారన ఉండనీయయ్యా, రాయి తీసినచోట నేల రెండో పొద్దుకే ఎండిపోతా ఉండాది, తియ్యనిచోట చెమ్మ నిలస్తా ఉండాది, నీకెట్ల తెలుసు అన్నాడు తను, ఎట్ల తెలుసంటే, నేను కూర్చోని ఏరేదాన్ని, నా చెయ్యి కిందికి పోతాది, నువ్వు నిలబడి మోసేవాడివి, నీకు బరువు తెలస్తాది గానీ తడి ఎట్ల తెలస్తాది అంది, అప్పుడు తనేమన్నాడు, నొప్పి నీచేత మాటలు పలికిస్తా ఉండాది, పడుకో అన్నాడు, ఆమె పడుకుంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు, తనూ ఎత్తలేదు, ఎత్తకపోవడం కాదు, ఆ మాట తన చెవిలోకి పోనే లేదు, గాలి పోయినట్టు పోయింది, ఏడేళ్ల తరవాత ఇప్పుడు వచ్చి కూర్చుంది, మధ్యాన్నం కొడుకు మీద పళ్లెం తోసిందెవరికోసం, ఆమె పని తప్పని అనిపించుకోకూడదని, కానీ తప్పని ముందు చెప్పింది ఆమే, ముప్పై ఏళ్లు చెయ్యి పెట్టి చూసి చెప్పింది, కుప్ప కట్టింది ఆమె కాదు, ఆమె ఏరింది తను ఏరమన్నాడని, కుప్ప తనది, తన నాయనది, ఆ రాళ్లు తిరిగి చేలో వేస్తే ఆమె కష్టాన్ని చెరిపినట్టు కాదు, ఆమె అన్న ఒక్క మాటను ఇన్నాళ్లకు విన్నట్టు, అంతకు మించి ఏమీ కాదు, అనుకున్నాక మునిరామయ్యకు తూర్పు మబ్బు కూడా మామూలు మబ్బులాగానే కనిపించింది.

మరుసటి రోజు పొద్దున, కొడుకు ఇంకా లేవకముందే, అతను గట్టుకు పోయి కుప్ప పైనుంచి పెద్ద రాళ్లు దించి, దొర్లించగలిగినవి దొర్లించి, మోయగలిగినవి మోసి, నడిమి కయ్యలో వాలుకు అడ్డంగా ఒక వరస మొదలుపెట్టాడు, పదో రాయి పెట్టేసరికి చిన్నబ్బ ఎద్దులు తోలుకుని ఆ దారినే వచ్చి ఆగిపోయాడు, ఏందప్పా ఇది, కలలో ఉండావా, మెలకువగా ఉండావా, ఊరోళ్లందరిచేతా మోయించి మళ్లా దించుతా ఉండావే అన్నాడు, మునిరామయ్య వంగి రాయిని కుదురుగా సర్దుతున్నాడు, మిలిటరీ కొడుకు మాట వింటా ఉండావన్నమాట, అని చిన్నబ్బ నవ్వాడు, మునిరామయ్య నడుము పట్టుకుని లేచి నిలబడ్డాడు, కొడుకు మాట కాదబ్బా, నా పెండ్లాం చెప్పింది, అన్నాడు, చెప్పి ఇంకో రాయి కోసం గట్టు ఎక్కాడు.