మచ్చకాయ జోకు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మామిడి కోతల్లో నూజివీడు చుట్టుపక్కల ఊళ్లకి ప్రభుత్వం వారి మైకు ఆటో ఒకటి వచ్చేది. జనాన్ని భయపెట్టొద్దు, నవ్విస్తూ చెప్పండని పైనుంచి ఆర్డరట. ఏసీ గదిలో కూర్చుని ఎవరో మహానుభావుడు రాసిచ్చాడు: "గంపలో మచ్చకాయ కనబడితే ఏం చేస్తాం బాబాయ్? ఏరి పారేస్తాం. దగ్గేవాడూ అంతే!" ఆ వెనకే డోలు మోత, పకపకా నవ్వు.

మొదటిరోజు అందరికంటే గట్టిగా నవ్వినవాడు యలమందే. కోత ముఠాలో పెద్దవాడు. తన చిక్కం కర్ర చింతలపూడి దాకా అందుతుందని, అక్కడి కాయ ఇక్కణ్ణుంచే తెంపుతానని చెప్పుకునే మనిషి.

కానీ మామిడి ముఠాలకి మచ్చకాయ నవ్వులాట కాదు, ఒక్కటున్నా గంపంతా కుళ్లిపోద్ది. అది కనబడితే ఆలోచన ఉండదు, చెయ్యి దానంతటదే విసిరేస్తుంది. వారం తిరక్కుండా దగ్గినవాళ్లందరికీ పేర్లు పోయి మచ్చకాయలయ్యారు. ముఠా మేస్త్రి బసవపున్నారావు వాళ్లని తోటలోకి రానివ్వలేదు, తన బండి ఎక్కనివ్వలేదు.

అందుకే యలమంద భార్య నాంచారమ్మ జ్వరాన్ని మొగుడి దగ్గర కూడా దాచింది. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గింది. అతనికి తెలిసేసరికి ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. మేస్త్రి బండి ఇవ్వనన్నాడు. అంబులెన్సుకి ఫోను చేస్తే ముందు ఆ జోకే వినిపించి, తర్వాత లైను బిజీ అంది.

అంతలో సందు మలుపులో డోలు మోగింది. యలమంద భార్యని భుజాన వేసుకుపోయి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు సంతోష్ కుమార్ నవ్వబోయి, ఆ మొహం చూసి మానుకున్నాడు.

"మా ఇంటిదాన్ని ఎక్కించుకో అబ్బాయ్. ఆసుపత్రికి పోవాలి."

"ఇది ప్రచారం బండి పెదనాన్నా. పేషెంట్లని ఎక్కిస్తే నా ఉద్యోగం పోద్ది."

"ఏరి పారెయ్యమంది మీరేగా? ఏరుకొచ్చా. ఎక్కడ పారెయ్యాలో నువ్వే చూపించు."

సంతోష్ కుమార్ వెనక సీటు మీది కరపత్రాలు కిందికి నెట్టాడు. నాంచారమ్మని దించి కూర్చోబెట్టి యలమంద మైకు లాక్కున్నాడు. ఆ జోకు రాసినవాణ్ణి, మైకులో వేయించినవాణ్ణి, పళ్లికిలించి విన్న తనని కలిపి ఊరంతా వినేలా తిట్టాడు. ఆ తిట్లకి విస్సన్నపేటలో కాకులు లేచిపోయి ఉంటాయి. తర్వాత గొంతు తగ్గించాడు.

"మా నాంచారమ్మకి జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. ఇళ్లల్లో ఎవర్ని దాచుకున్నారో తీసుకురండి. చోటుంది."

ఊరి చివర ఒక్క తలుపు తెరుచుకుంది. బసవపున్నారావు దగ్గుతున్న కన్నకూతుర్ని చేతుల మీద మోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. యలమంద పళ్లు కొరుకుతూనే పక్కకి జరిగాడు.