అత్త కార్డు మీద కోడలి బీడీలు

నేను ఒక చాటను బిడ్డా. ఇట్లా దగ్గరకు వచ్చి కూర్చోండి. పెంటకుప్ప పక్కన కూర్చోమంటున్నదేమిటి ఈ ముసలిది అనుకోకండి. నా బద్దలు ఊడిపోయాయి, ఒక అంచును చెద తినేసింది, ఇంకో అంచు మీద రోజూ ఒక కోడి వచ్చి కూర్చుంటుంది. నోరు మాత్రం బాగానే ఉంది. దూరంగా నిలబడితే వినిపించదు, రండి.

చాట అనగానే బియ్యం చెరిగేది అనుకుంటారు మీరు. నేను ఒక్కనాడూ బియ్యం చెరగలేదు. నేను బీడీల చాటను. మా నిజామాబాదు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు వంట కాగానే అరుగుల మీదికి చేరతారు. కాళ్ళు చాపి, నాలాంటిదాన్ని ఒడిలో పెట్టుకుంటారు. నాలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, మూలన దారం ఉండ. ఇక చేతులు చేతుల పని చేస్తాయి, నోళ్ళు నోళ్ళ పని చేస్తాయి. ఏ ఇంట్లో ఏ కూర ఉడికిందో, ఏ కోడలు ఏ మాట అన్నదో, నాకు తెలియనిది లేదు. దేవుడి గుళ్ళో కూడా ఇన్ని మాటలు పడి ఉండవు.

నన్ను అల్లింది ఒక మేదరి ఆమె. చంటిపిల్లను తొడ మీద పడుకోబెట్టుకుని, వాళ్ళాయనను తిడుతూ అల్లింది. తిట్టు బిగువుగా ఉన్నప్పుడు అల్లిక కూడా బిగువుగా వచ్చిందనుకుంటాను, అందుకే అన్నేళ్ళు ఆగాను. నన్ను అంగట్లో కొన్నది శకుంతల తల్లి, బీడీలు చుట్టే కూతురి కోసం. కొని ఊరకే ఇవ్వలేదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో లోపలా బయటా అలికి ఎండబెట్టింది. తంబాకు పొడి సందుల్లోంచి జారిపోకుండా అట్లా చేస్తారు. తరువాత ఎన్నిసార్లు అలికారో, ఎన్నిసార్లు అంచుకు రేకు కొట్టించారో! చివరకు నాలో వెదురు తక్కువ, అతుకులు ఎక్కువ.

శకుంతల పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల పాట పాడుతుందా అని అడగలేదు. బీడీలు వచ్చునా, కార్డు ఉందా అని అడిగారు. కార్డు అంటే బీడీల కంపెనీ ఇచ్చేది. ఎవరి పేరున కార్డు ఉంటే వాళ్ళకే ఆకూ తంబాకూ ఇస్తారు. వాళ్ళ కూలిలో కొంత కోసుకుని, కంపెనీ ఇంకొంత కలిపి, పీఎఫ్ అని దాస్తారు. పని మానుకున్న రోజున అది చేతికి వస్తుంది. శకుంతలకు పుట్టింటి ఊళ్ళో కార్డు ఉండేది. ఇంకో ఊరికి పోతున్నదిగా, ఇక్కడి కార్డు ఎందుకని బందు చేయించి, ఆ డబ్బుతో ఇత్తడి బిందెలు కొన్నారు. అత్తగారి ఊళ్ళో కొత్త కార్డు ఇవ్వరా ఏమిటి అనుకున్నారు.

ఇవ్వలేదు బిడ్డా. కంపెనీ అప్పటికే కొత్త కార్డులు మానేసింది.

అత్త లింబవ్వకు మాత్రం పాత కార్డు ఉంది. ఆమెకు చేతుల కీళ్ళు వాచి వేళ్ళు వంకర్లు పోతున్నాయి. నెలకు ఇన్ని బీడీలని లెక్క ఇవ్వకపోతే కార్డు బందు చేస్తారు. ఒకరికి కార్డు ఉంది, చేతుల్లేవు. ఇంకొకరికి చేతులున్నాయి, కార్డు లేదు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో చేసేదే వీళ్ళూ చేశారు. కోడలు చుట్టింది, అత్త పేరున లెక్క పడింది.

"కార్డు నాదైతేంది పిల్లా, కష్టం నీదే గద. పైసలొచ్చిన్నాడు నీ కొంగులనే కడ్త. నేనేమన్న కట్టె మీదికి మోస్కపోతనా?" అన్నది లింబవ్వ.

మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నది. ఆమె ఒడిలోనూ కూర్చున్నదాన్ని నేను, నాకు తెలుసు.

సాయంత్రం బీడీలు నాలో పెట్టుకుని కార్ఖానాకు పోతే, కంపెనీ తరఫున లెక్క చూసుకునే టేకేదారు యాదగిరి కార్డుల వరుసన పేర్లు పిలిచేవాడు. "లింబవ్వ" అనగానే శకుంతల "ఉన్న" అని లేచేది. మొదట్లో పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే లేచేది. పోనుపోను ఎవరూ పొడవక్కర్లేకపోయింది.

శకుంతల భర్త బాలనర్సయ్య బొంబాయి పక్కన భీవండిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఏటా దసరాకు వచ్చేవాడు. ఒక ఏడు వచ్చి మళ్ళీ పోలేదు. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయన్నారు. మరుసటి వానాకాలం వెళ్ళకుండానే మనిషి కూడా పోయాడు. పిల్లలు కలగలేదు. మరిది కాపురం వేరే ఊళ్ళో, ఇంట్లో అత్తా కోడళ్ళే మిగిలారు. అప్పటినుంచి శకుంతలకు కోరిక ఒక్కటే. చేతులు ఆగిపోయిన నాడు ఎవరి గడప ముందూ గిన్నె పట్టుకుని నిలబడకూడదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. దారం కొరికేటప్పుడు నాతో గొణిగింది.

పక్కింటి వజ్రవ్వ సంగతి చెప్పాలి ఇప్పుడు. ఆమె ఈ ఊరి ఆడపిల్లే, ఇల్లరికం, అందుకని తన కార్డు తనకే ఉంది. ఉన్నా దాని మీద ఆమెకు కాణీ నమ్మకం లేదు. సర్కారు మీద అసలే లేదు. కూలి రాగానే కిరాణం అంజయ్య దగ్గర చిట్టీ కట్టేది. ఈ ఇద్దరికీ రోజూ అరుగు మీద ఇదే వాదం.

"పీఎఫు లేదు గీఎఫు లేదక్కా. మన పైసలు మన కండ్ల ముందట తిరగాలె," అనేది వజ్రవ్వ.

"నీ కండ్ల ముందట యాడ తిరుగుతున్నయే? అంజయ్య జేబుల తిరుగుతున్నయి," అనేది శకుంతల.

అరుగంతా నవ్వేది. లింబవ్వ అయితే పొగాకు పొడికి దగ్గు వచ్చేదాకా నవ్వేది.

ఒకరోజు పొద్దున్నే అంజయ్య దుకాణానికి తాళం వేసి ఉంది. మధ్యాహ్నానికీ తీయలేదు. కిటికీలోంచి చూస్తే తక్కెడ వేలాడుతూనే ఉంది, డబ్బాల్లో పప్పులు ఉన్నాయి, మనుషులే లేరు. వజ్రవ్వ ఆ మెట్ల మీద పొద్దు గూకేదాకా కూర్చుంది. ఏడవలేదు. శకుంతల పోయి చేయి పట్టుకుని లేపుకొచ్చింది. ఆ రోజు చిట్టీ మాట ఎవరూ ఎత్తలేదు. గెలిచిన వాదం నోట్లో పెట్టుకుని ఊరుకోవడం మనుషులకు కష్టం, శకుంతల మాత్రం ఊరుకుంది.

ఆ దెబ్బ చూశాక లింబవ్వకు భయం పట్టుకుంది. తన పీఎఫ్ తాను బతికుండగానే తీసి కోడలి చేతిలో పెట్టాలనుకుంది. ఇద్దరూ యాదగిరి దగ్గరికి పోయారు. అతను చెడ్డవాడు కాదు, చాయ్ కూడా తెప్పించాడు.

"తీస్కో అవ్వా, నీ పైసలే. గని తీస్కున్ననాడు కార్డు బందైతది. తెల్లారి నీ కోడలు ఏం చుడ్తది?" అన్నాడు.

డబ్బు తీస్తే పని పోతుంది. పని కావాలంటే డబ్బు ముట్టుకోకూడదు. అత్తా కోడళ్ళు చాయ్ తాగి ఇంటికి వచ్చేశారు. శకుంతల మళ్ళీ నన్ను ఒడిలోకి తీసుకుంది. ఆకు ఎండిపోతుందన్న తొందర ఒకటి.

తరువాత బీడీలు చేసేవాళ్ళకు సర్కారు పింఛన్ అన్నారు. ఊరంతా పండగే. బడి వరండాలో ఒక సారు కూర్చుని, కంప్యూటర్ ముందు పెట్టుకుని పేర్లు పిలిచాడు. శకుంతల బుద్ధిగా నూనె రాసి జడ వేసుకుని పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది, సారు అడిగితే చుట్టి చూపిద్దామని.

"లింబవ్వ" అన్నాడు సారు.

"ఉన్న" అని లేచింది శకుంతల.

సారు తల ఎత్తి చూశాడు. "నీకు డెబ్బై ఏండ్లా అమ్మా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. శకుంతల కూడా నవ్వింది. అంతటితో నవ్వులు అయిపోయాయి. లింబవ్వకు ముసలివాళ్ళ పింఛన్ ముందే వస్తున్నది కాబట్టి ఇది రాదన్నాడు. మరి నీ పీఎఫ్ నంబరేది అని శకుంతలను అడిగాడు. నంబరు లేదు. పుట్టింటి నంబరు బిందెలైపోయింది. ఆడవాళ్ళంతా లేచి సాక్ష్యం చెప్పారు. మొగుడు లేని మనిషి, ఆ లెక్కనన్నా ఇవ్వమని అడిగారు. ఇంట్లో ఒకరికి వస్తుంటే ఇంకొకరికి కుదరదన్నాడు.

లింబవ్వ గోడ పట్టుకుని ముందుకు వచ్చింది. వంకర వేళ్ళు సారు ముఖం ముందు పెట్టింది.

"ఈ చేతులు చూడు సారూ. ఇవి బీడీలు చుట్టే చేతులేనా? గా బీడీలన్ని దీని చేతులయే. నాది తీసి దీనికియ్యుండ్రి."

"నాకు సమజైతున్నది అవ్వా," అన్నాడు సారు. "గని నంబరు కొడితే నీ పేరే వస్తది. నేనేం జెయ్యాలె?"

ఆ మాట తిట్టినట్టు అన్నా బాగుండేది. మెల్లగా, పాపం అన్నట్టు అన్నాడు.

పింఛన్ వజ్రవ్వకు వచ్చింది. నమ్మనిదానికి వచ్చింది చూశారా! మొదటి నెల డబ్బు తీసుకుని నేరుగా శకుంతల ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. "నేను మొక్కని దేవుడు నాకు వరమిచ్చిండు. నువ్వు మొక్కిన దేవుడు నిన్ను ఎరుకవట్టకపాయె," అన్నది. నవ్వించాలనే అన్నది.

ఇక మిగిలింది ఆ పీఎఫ్ ఒక్కటే. లింబవ్వ పోయేముందు చిన్నకొడుకు శ్రీహరిని పిలిపించుకుంది. అతను సిరిసిల్లలో మగ్గాలు పెట్టుకున్నాడు. "గా పైసలు వదినెకియ్యి బిడ్డా" అని చెప్పి, అతను తల ఊపాకే కళ్ళు మూసింది.

ఎందుకు అతనికి చెప్పవలసి వచ్చిందంటారా? కార్డు చేయించిన నాడు, నీ తరువాత డబ్బు ఎవరికి ఇవ్వాలని కంపెనీ గుమాస్తా అడిగాడట. అప్పుడు లింబవ్వ చంకలో చంటివాడు శ్రీహరి ఉన్నాడు. పెద్దవాడు బయట గోలీలాడుతున్నాడు. చంకలో ఉన్నవాడి పేరు చెప్పింది. అంతే సంగతి. మార్పించాలని ఎవరికీ తోచలేదు. తల్లి పోతే ఇద్దరు కొడుకులూ ఉంటారు కదా అనుకుంటుంది ఏ తల్లైనా.

దినాలు అయ్యాక యాదగిరి మెల్లగా చెప్పాడు, అవ్వ పోయిందని కార్ఖానాలో ఎవరూ అనకండి, నడిచినన్నాళ్ళు నడవనీయండి అని. శకుంతల బీడీలు కట్టలు కట్టి నాలో పెట్టుకుని పోయింది. వరుసన పేర్లు పిలుస్తున్నాడు.

"లింబవ్వ."

ఆడవాళ్ళంతా తలలు తిప్పుకుని ఎటో చూస్తున్నారు.

"ఉన్న," అన్నది శకుంతల.

ఆ చేతులు నన్ను అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

అదీ ఎక్కువ రోజులు సాగలేదు. శ్రీహరి మరణపత్రం కంపెనీలో ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, కార్డు బందైంది. అతన్నీ తిట్టకండి. నూలు సేటుకు బాకీపడి రెండు మగ్గాలకు తాళం పడింది. వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. ఒక చేతిలో చీర, ఇంకో చేతిలో కొత్త రేకు చాట.

"అవ్వ చెప్పింది నాకు యాదికున్నది వదినే. మగ్గాలు ఇడిపించుకున్నంక నీకు జమ చేస్త," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎండల వడొచ్చినవు. బువ్వ తినిపో," అన్నది శకుంతల.

తిన్నాడు. తిని పోయాడు. మళ్ళీ రాలేదు. ఒంటరి మనిషి పింఛన్ కోసం శకుంతల ఆఫీసు చుట్టూ తిరిగింది. ఇప్పుడు అత్త లేదు కాబట్టి వస్తుందట, కాకపోతే కొత్త పింఛన్లు ఇంకా మంజూరు చేయడం లేదట. చేసినప్పుడు చెబుతారట. ఎప్పుడని అడిగితే అడిగిన ప్రతిసారీ మర్యాదగా అదే చెబుతున్నారు.

రేకు చాట వచ్చాక నాతో పనేముంది? కొన్నాళ్ళు బూడిద ఎత్తారు, తరువాత ఇక్కడ పడేశారు. నాకు బాధ లేదు బిడ్డా. ఇక్కడి నుంచి వజ్రవ్వ అరుగు కనిపిస్తుంది. వజ్రవ్వకు కళ్ళు మసకలు వచ్చాయి. కార్డు పోతే పింఛనూ పోతుందేమోనని ఆమెకు భయం. అందుకని శకుంతలే అక్కడ కూర్చుని వజ్రవ్వ కార్డు మీద చుడుతోంది. కూలి వజ్రవ్వ పైసా ముట్టకుండా ఇచ్చేస్తుంది. పీఎఫ్ మాత్రం వజ్రవ్వ పేరునే పడుతోంది. వజ్రవ్వకు ఇద్దరు కొడుకులు.

"నా పైసలొచ్చిన్నాడు నీకే అక్కా," అని మొన్న అంటుంటే విన్నాను. మనసారా అన్నది. శకుంతల తల కూడా ఎత్తలేదు. వేళ్ళు ఆగలేదు. ఆ వేళ్ళ కణుపులు కూడా ఉబ్బుతున్నాయి, నేను ఇంత దూరం నుంచి చూస్తున్నాను. ఇంకెన్నాళ్ళు తిరుగుతాయో.

సాయంత్రం కార్ఖానాలో యాదగిరి "వజ్రవ్వ" అని పిలుస్తాడు. ఆమె "ఉన్న" అంటుంది.

ఇక మీరు లేవండి, పొద్దు గూకుతున్నది. వచ్చే వానకు నేను మట్టినైపోతాను, ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు. మీరు గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా నలుగురు కూర్చున్నప్పుడు చెప్పండి. చెప్పేటప్పుడు లింబవ్వ కోడలనో, వజ్రవ్వ పక్కింటామె అనో అనకండి బిడ్డా. ఆ బీడీలన్నీ చుట్టిన ఆమె పేరు శకుంతల అని చెప్పండి.